తెలుగు పాడ్‌కాస్ట్‌కు శ్రోతల స్పందన ఎలా రాబట్టాలి? వాట్సాప్ గ్రూపా, టెలిగ్రామా, డిస్కార్డా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు గాజువాకలో ఉద్యోగం చేసుకుంటూ ఉత్తరాంధ్ర ఊళ్ల మీద, చేతివృత్తుల మీద తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నారు. ఎపిసోడ్‌కు నాలుగైదు వందల మంది వింటున్నట్టు లెక్కలు చూపిస్తున్నాయి, కానీ ఎవరూ నోరు విప్పడం లేదు. ఒకరు వాట్సాప్ గ్రూప్ పెట్టమన్నారు, ఇంకొకరు డిస్కార్డ్ (విషయానికో గది ఉండే చాట్ యాప్) అన్నారు, మరొకరు గూగుల్ ఫారం (ఆన్‌లైన్‌లో నింపే ప్రశ్నల పత్రం) పంపమన్నారు. పని అంతా మీరొక్కరే చూసుకోవాలి, నెలనెలా డబ్బు కట్టలేరు. వచ్చే ఎపిసోడ్ ఏటికొప్పాక బొమ్మల మీద. అది వచ్చేలోపు ఏదో ఒకటి మొదలుపెట్టాలి.

ముందు ఒక వాట్సాప్ నంబరు పెట్టండి. గ్రూప్ ఇప్పుడే వద్దు. విడిగా ఒక సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. ప్రతి ఎపిసోడ్ చివర ఒకే ఒక ప్రశ్న అడిగి, జవాబు వాయిస్ మెసేజ్‌గా పంపమనండి. వచ్చినవాటిలో ఒకటో రెండో తర్వాతి ఎపిసోడ్‌లో వినిపించండి. యూట్యూబ్‌లో, స్పాటిఫైలో వచ్చే కామెంట్లకు అక్కడే జవాబు రాయండి. ఏడాదికి ఒకసారి చిన్న ఫారం పంపితే చాలు. గ్రూప్ సంగతి, శ్రోతలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని వాళ్లంతట వాళ్లు అడిగిన రోజు చూసుకోవచ్చు.

నేను విశాఖలోనే ఆడియో ఎడిటింగ్ పని చేస్తాను. నా సొంత షో ఒకటి ఉంది. ఇంకొందరి షోలకు ఎడిటింగ్‌తో పాటు శ్రోతల మెసేజ్‌లు చూసే పని కూడా చేసిపెడతాను. కింద రాసేది ఆ పనిలో చూసినదే.

మీరు ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలిపి అడిగారు. శ్రోతలు మీతో ఏం చెప్తారన్నది ఒకటి. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారా అన్నది రెండోది. మొదటిది స్పందన, రెండోది సమూహం. రెండింటికీ ఒకే టూల్ వెతికినప్పుడే చిక్కు వస్తుంది. స్పందనకు మీకూ శ్రోతకూ మధ్య ఒక దారి ఉంటే సరిపోతుంది. సమూహం మాత్రం అరుగు లాంటిది, మీరు లేకపోయినా పదిమంది కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. అరుగు కట్టినంత మాత్రాన జనం రారు. జనం ఇప్పటికే వీధిలో నిలబడి మాట్లాడుకుంటుంటే, అప్పుడు కడితే కూర్చుంటారు. మీ షోకి ఇప్పుడు కావలసింది మొదటిది.

వాయిస్ మెసేజే ఎందుకు?

మీ విషయం వృత్తుల గురించి. ఆ వృత్తుల్లో ఉన్నవాళ్లు, వాళ్ల పిల్లలు మీ షో వింటున్నారు. వాళ్లలో చాలామంది తెలుగులో టైప్ చేయరు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు కొట్టడం కొందరికి వచ్చు, కానీ రెండు ముక్కల్లో ముగించేస్తారు. అదే మనిషిని మైకు బొమ్మ నొక్కి మాట్లాడమంటే మూడు నాలుగు నిమిషాలు చెప్తారు. చెప్పేటప్పుడు వాళ్ల యాస ఉంటుంది, వెనక వాళ్ల ఇల్లు వినిపిస్తుంది. పాడ్‌కాస్ట్ చేసేవాళ్లకు అంతకంటే పనికొచ్చే సరుకు ఉండదు.

ఒక ఉదాహరణ చెప్తాను. నేను ఎడిట్ చేసే ఒక షోలో సముద్రంలో వేట నిషేధం మీద ఎపిసోడ్ వచ్చింది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపుతారు. అతిథిగా వచ్చినాయన మాటల్లో, ఆ రెండు నెలలూ ఎవరూ సముద్రంలోకి వెళ్లరన్నట్టు వచ్చింది. ఎపిసోడ్ వచ్చాక పెద జాలరిపేట నుంచి ఒక వాయిస్ మెసేజ్. వెనక పిల్లల అల్లరి, ఎవరో వల సర్దుతున్న చప్పుడు. ఆమె అన్న మాట: "ఇంజిను బోట్లకే బాబూ ఆ రూలు. మా అయ్య తెప్పేసుకుని రోజూ ఎల్తన్నాడు కదా." నిజమే. నిషేధం మరబోట్లకు, ఇంజిను బిగించిన పడవలకు. ఇంజిను లేని సంప్రదాయ తెప్పలకు మినహాయింపు ఉంది. తర్వాతి ఎపిసోడ్ మొదట్లోనే ఆమె మాటను ఆమె గొంతుతోనే వినిపించారు. దాని తర్వాత అదే పేట నుంచి, ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి ఇంకా మెసేజ్‌లు వచ్చాయి. బోట్లు ఒడ్డున ఉన్న కాలం కాబట్టి వినడానికీ మాట్లాడడానికీ వాళ్లకు తీరిక దొరికింది.

ఇదే విషయం ఫారంలో అడిగి ఉంటే ఆమె నింపేది కాదు. కామెంట్ పెట్టమన్నా పెట్టేది కాదు. మన శ్రోత ఏ యాప్‌లో రోజూ ఉంటారో, ఏ పద్ధతిలో సులువుగా మాట్లాడతారో, టూల్ అక్కడే ఉండాలి. టూల్‌లో ఎన్ని ఫీచర్లున్నాయన్నది ఆ తర్వాతి మాట.

మన వాళ్లకు ఇదేమీ కొత్త కూడా కాదు. ఆకాశవాణికి పోస్టుకార్డు రాసి, తమ పేరూ ఊరూ ఎప్పుడు చదువుతారా అని రేడియో దగ్గర కూర్చున్న తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. గొంతు వినిపించడం, పేరుతో ఊరుతో ప్రస్తావించడం, ఈ రెండూ చేస్తే రెండో మెసేజ్ వస్తుంది. చేయకపోతే మొదటిదే ఆఖరుది అవుతుంది.

ఏం అడగాలన్నది ఏ టూల్ అన్నదాని కంటే పెద్ద విషయం

"ఎపిసోడ్ ఎలా ఉందో చెప్పండి" అని అడిగితే మన దగ్గర వచ్చే జవాబు ఒక్కటే: "బాగుందండి." అది మర్యాద. ఎదుటి మనిషి కష్టపడి చేసిన పనిలో తప్పు చెప్పడం బాగోదని అలా అంటారు. దాంతో మీకు ఏమీ తెలియదు. వాళ్ల అభిప్రాయం అడగడం మానేసి, వాళ్ల అనుభవం అడగండి. అందులో మర్యాద అడ్డురాదు.

హుద్‌హుద్ తుపాను మీద నా షోలో ఒక ఎపిసోడ్ చేశాను. చివర "మీ అభిప్రాయాలు పంపండి" అనలేదు. "2014 అక్టోబరు 12న గాలి మొదలైనప్పుడు మీరు ఎక్కడున్నారు? ఇంట్లో మొదట ఏం భద్రం చేశారు?" అని అడిగాను. ఒకాయన ఉక్కునగరం క్వార్టర్స్‌లో కిటికీకి మంచం అడ్డం పెట్టి భార్యాభర్తలిద్దరూ ఒరిగి నిలబడ్డ సంగతి చెప్పారు. ఎంవీపీ కాలనీ నుంచి ఒకావిడ, కరెంటూ ఫోన్లూ లేని ఆ రోజుల్లో పాల ప్యాకెట్ కోసం ఎంత దూరం నడిచారో చెప్పారు. ఇంకొకరు కైలాసగిరి ఆకు లేకుండా మోడై కనిపించినప్పుడు ఏడుపొచ్చిందన్నారు. వీటితో ఇంకో ఎపిసోడ్ మొత్తం తయారైంది. అందులో నా మాటలు చాలా తక్కువ.

మంచి ప్రశ్నకు గుర్తు ఏమిటంటే, దానికి "బాగుంది" అని జవాబు చెప్పడం కుదరదు. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఏ వస్తువు అని అడగండి. ఒక ఎపిసోడ్‌కు ఒకటే అడగండి. రెండు అడిగితే రెండూ వదిలేస్తారు.

నంబరు పెట్టుకునే పద్ధతి

మీ సొంత నంబరు ఇవ్వకండి. అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి, ఒకసారి బయటికి వెళ్లిన నంబరును వెనక్కి తీసుకోలేం. రెండో సిమ్ మీద వాట్సాప్ బిజినెస్ వేసుకుంటే ఖర్చు ఆ సిమ్ రీఛార్జ్ మాత్రమే. అది మాత్రం మర్చిపోకండి. రీఛార్జ్ లేకుండా చాలాకాలం వదిలేస్తే ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది, దానితో పాటు మీ శ్రోతల దారి మూసుకుపోతుంది.

బిజినెస్ యాప్‌లో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మొదటిసారి మెసేజ్ చేసినవారికీ, 14 రోజులుగా మాట్లాడనివారికీ దానంతట అదే వెళ్లే పలకరింపు పెట్టుకోవచ్చు. అందులో మూడు మాటలు రాయండి: మీ పేరు, ఊరు చెప్పండి. మీ గొంతు ఎపిసోడ్‌లో వాడుకోవచ్చో లేదో చెప్పండి. జవాబు ఆదివారం ఇస్తాను. ఈ మూడో మాట మీకు చాలా టెన్షన్ తగ్గిస్తుంది. ఉద్యోగం చేసుకునే మనిషి రోజూ జవాబులివ్వలేరు. ఏ రోజు ఇస్తారో ముందే చెప్తే ఎవరూ నొచ్చుకోరు.

లేబుల్స్ అని, చాట్‌లకు చీటీల్లా అంటించుకునే ఇంకో సదుపాయం ఉంది. నేను వాడేవి నాలుగు: "సరిదిద్దాలి", "వినిపించవచ్చు", "అతిథి కావచ్చు", "జవాబు బాకీ". వృత్తుల మీద షో కాబట్టి మూడోది మీకు బంగారం. మెసేజ్ పంపినవాళ్లలోనే మీ తర్వాతి అతిథులు ఉంటారు. ఒక నంబరును ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు పరికరాల్లో తెరుచుకోవచ్చు కాబట్టి, రేపు ఎవరైనా సాయం చేస్తామంటే వాళ్ల ల్యాప్‌టాప్‌లోనూ పెట్టవచ్చు.

చాట్ లింకు, క్యూఆర్ కోడ్ కూడా ఆ యాప్‌లోనే దొరుకుతాయి. లింకు నొక్కగానే "నేను ఫలానా ఎపిసోడ్ విన్నాను" అన్న మాట ముందే రాసి ఉండేలా పెట్టుకోవచ్చు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ ఖాళీ పెట్టె చూసి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. లింకును ఎపిసోడ్ వివరణలో మొదటి వరుసలో పెట్టండి, కింద పెడితే కనిపించదు. నంబరును ఎపిసోడ్‌లో నోటితో చెప్పేటప్పుడు నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి. సి షిఫ్ట్ (రాత్రి డ్యూటీ) దిగి స్టీల్‌ప్లాంట్ బస్సులో వింటున్న మనిషి చేతిలో పెన్ను ఉండదు. సిమ్ కొనేటప్పుడే నోటికి తేలిగ్గా వచ్చే నంబరు ఎంచుకుంటే మంచిది.

వచ్చిన గొంతును వాడుకోవడం

ముందు అనుమతి. "వాడుకోవచ్చా, పేరు చెప్పవచ్చా, ఊరు చెప్పవచ్చా" అని మూడూ విడివిడిగా అడగండి. గొంతు వాడుకోండి కానీ పేరు వద్దనేవాళ్లు ఉంటారు, ముఖ్యంగా తాము పనిచేసే చోటు గురించి మాట్లాడినప్పుడు. ఆ అనుమతి మెసేజ్‌ను ఫోన్‌లో స్టార్ వేసి దాచండి. కొందరు చాట్‌లో మెసేజ్‌లు కొన్నాళ్లకు వాటంతట అవే మాయమయ్యేలా పెట్టుకుంటారు, అప్పుడవి మీ ఫోన్‌లోనూ పోతాయి. అందుకని మంచి ఆడియో వచ్చిన రోజే కంప్యూటర్‌లోకి దించుకోవడం అలవాటు చేసుకోండి.

వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఓపస్ ఫార్మాట్‌లో వస్తుంది. అడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు ఎఫ్ఎఫ్ఎంపెగ్ లైబ్రరీ (రకరకాల ఫైళ్లను చదివే జోడింపు) జత చేస్తే నేరుగా తెరుచుకుంటుంది. గొంతు స్థాయి మీ గొంతుతో సమానంగా ఉండేలా లౌడ్‌నెస్ సరిచేయండి. ఫ్యాన్ హోరు కొంచెం తగ్గించవచ్చు గానీ వెనక చప్పుళ్లన్నీ తుడిచేయకండి. పూర్ణా మార్కెట్‌లో కూర్చుని మాట్లాడినావిడ వెనక బేరాలు వినిపిస్తేనే ఆ గొంతుకు చోటు ఉంటుంది. నాలుగు నిమిషాల మెసేజ్‌లో నలభై సెకన్లు వాడితే, మాట అర్థం మారకుండా కత్తిరించండి. అనుమానం ఉంటే కత్తిరించిన ముక్కను ముందుగా వాళ్లకే పంపి వినిపించండి.

గ్రూప్ ఎందుకు వద్దంటున్నాను

వాట్సాప్ గ్రూప్‌లో 1024 మంది దాకా పడతారు. కాబట్టి చోటు సమస్య కాదు. అసలు సమస్య, గ్రూప్‌లో ఒకరి నంబరు మిగతా అందరికీ కనిపించడం. ఆడవాళ్ల ఆరోగ్యం మీద నడిచే ఒక షోలో ఇది కళ్లారా చూశాను. గ్రూప్ పెట్టిన కొద్ది రోజులకే కొందరు మహిళలకు ముక్కూమొహం తెలియనివాళ్ల నుంచి విడిగా "హాయ్" మెసేజ్‌లు మొదలయ్యాయి. వాళ్లు ఎవరికీ చెప్పకుండా గ్రూప్ నుంచి వెళ్లిపోయారు. షో వినడం కూడా మానేశారో ఏమో తెలుసుకునే దారి లేదు. ఇప్పుడు ఆ షోకి ఒక నంబరు, ఒక వాట్సాప్ ఛానెల్ ఉన్నాయి, గ్రూప్ లేదు. మీ శ్రోతల్లో మహిళలు గణనీయంగా ఉంటే ఈ ఒక్క కారణం చాలు.

రెండోది, గ్రూప్‌ను ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. పొద్దున్నే గుడ్ మార్నింగ్ పూల బొమ్మలు, ఫార్వర్డ్‌లు, ప్లాట్ల ప్రకటనలు. ఎన్నికలు వస్తే పార్టీలు, సినిమా విడుదలైతే హీరోలు. వీటి మధ్య మీ ఎపిసోడ్ మీద వచ్చిన ఒక మంచి మాట కొట్టుకుపోతుంది. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా గ్రూప్‌ను బిగించవచ్చు, కానీ అప్పుడది గ్రూప్ కాకుండా నోటీసు బోర్డు అయిపోతుంది. నోటీసు బోర్డే కావాలంటే అంతకంటే మంచిది ఉంది.

అదే వాట్సాప్ ఛానెల్. మన దేశంలో 2023 సెప్టెంబరులో వచ్చింది. మీరు పోస్టు చేస్తారు, వాళ్లు చూస్తారు, ఎమోజీ పెడతారు, పోల్‌లో ఓటు వేస్తారు. ఫాలోయర్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. కొత్త ఎపిసోడ్ వచ్చిందని చెప్పడానికి, "తర్వాత కొండపల్లి చేయాలా, బొబ్బిలి వీణ చేయాలా" అని అడగడానికి చక్కగా పనికొస్తుంది. అక్కడ మామూలు పోస్టులకు వాళ్లు మాటలతో జవాబివ్వలేరు కాబట్టి ప్రతి పోస్టు చివర మీ నంబరు లింకు పెట్టండి. ఛానెల్ మీరు చెప్పడానికి, నంబరు వాళ్లు చెప్పడానికి. పాత బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ (ఒకే మెసేజ్‌ను చాలామందికి విడివిడిగా పంపే పద్ధతి) జోలికి వెళ్లకండి. దానికి 256 మంది హద్దు ఉంది, పైగా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది.

మిగతావాటి మాట

టెలిగ్రామ్ చెడ్డదేమీ కాదు. నంబరు దాచుకోవచ్చు, గ్రూప్‌లో రెండు లక్షల మంది దాకా పడతారు, పెద్ద ఫైళ్లు పంపుకోవచ్చు, కొత్తగా చేరినవాళ్లకు పాత సంభాషణ కనిపించేలా పెట్టవచ్చు. పోటీ పరీక్షల మీద షో చేసే ఒక మిత్రుడికి టెలిగ్రామే సరైనది, ఎందుకంటే ఆయన శ్రోతలు నోట్సు పీడీఎఫ్‌ల కోసం అప్పటికే అక్కడ ఉన్నారు. మీ శ్రోతలు అక్కడ ఉన్నారా? ఏటికొప్పాకలో బొమ్మలు చేసే కుటుంబం టెలిగ్రామ్ తెరుస్తుందని నేననుకోను.

డిస్కార్డ్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్ మీద, గేమ్స్ మీద, యానిమేషన్ మీద షో అయితే, రుషికొండ, మధురవాడ వైపు ఇంజినీర్లు, కాలేజీ పిల్లలు శ్రోతలైతే అదే పెట్టమంటాను. విషయానికో గది విడిగా పెట్టుకోవచ్చు, గొంతుతో మాట్లాడుకునే గదులూ ఉన్నాయి. మీకు మాత్రం వద్దు. ఖాళీగా పడి ఉన్న డిస్కార్డ్ సర్వర్ చూస్తే కొత్తగా వచ్చినవాళ్లు ఈ షోనే ఎవరూ వినడం లేదనుకుంటారు.

ఫేస్‌బుక్ గ్రూప్‌ను చాలామంది కొట్టిపారేస్తారు, నేను పారేయను. రిటైరైనవాళ్లు, పాత ఫొటోలు దాచుకున్నవాళ్లు, విదేశాల్లో ఉన్న మనవాళ్లు అక్కడ ఉన్నారు. చేరేముందు ప్రశ్నలు అడిగే వీలుంది కాబట్టి దారినపోయేవాళ్లను కొంత ఆపవచ్చు. ఊళ్ల చరిత్ర మీద షోకి పాత ఫొటోలు రావాలంటే రేపెప్పుడైనా ఇదొక దారి.

యూట్యూబ్, స్పాటిఫై, ఆపిల్

షో యూట్యూబ్‌లో కూడా ఉంటే ఎక్కువ కామెంట్లు అక్కడే వస్తాయి. మీ ప్రశ్నను మీరే మొదటి కామెంట్‌గా రాసి, అన్నిటికంటే పైనే ఉండేలా పిన్ చేయండి. బూతులు, ఫోన్ నంబర్ల కోసం నిరోధించే పదాల జాబితా పెట్టుకోండి, అనుమానం ఉన్నవి మీరు చూశాకే కనిపించేలా ఆపుకోవచ్చు. ఒక జాగ్రత్త: బొమ్మల మీద ఎపిసోడ్ కదా అని "పిల్లల కోసం చేసినది" అని టిక్ పెట్టేస్తే ఆ వీడియోకి కామెంట్లే ఉండవు. బొమ్మలు చేసే కళాకారుల గురించి పెద్దలకు చెప్పే ఎపిసోడ్ పిల్లల కార్యక్రమం కాదు.

స్పాటిఫైలో ఎపిసోడ్ కింద పోల్స్ చాలాకాలంగా ఉన్నాయి, కామెంట్లు 2024లో వచ్చాయి. పోల్ పెట్టడం ఒక నిమిషం పని, పెట్టండి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్‌లో వచ్చే రివ్యూలకు మీరు జవాబివ్వలేరు. పైగా అవి దేశాలవారీగా ఉంటాయి. డాలస్‌లో ఉన్న మీ కజిన్ అక్కడి ఖాతా నుంచి రాసిన రివ్యూ ఇక్కడి శ్రోతకు కనిపించదు. అందుకని వాటిని చదవండి, వాటి మీద ఆశ పెట్టుకోకండి.

ఈ మూడింటిలో కామెంట్ల కంటే విలువైనది ఇంకొకటి ఉంది: శ్రోతలు ఎక్కడ ఆపేస్తున్నారో చూపే గ్రాఫ్. అది నోరు లేని స్పందన. నేను పనిచేసిన ఒక ఇంటర్వ్యూ షోలో ప్రతి ఎపిసోడ్‌కూ మొదటి మూడు నాలుగు నిమిషాల్లోనే గీత జారిపోయేది. కారణం అతిథి పరిచయం. డిగ్రీలు, పదవులు, సన్మానాలు అన్నీ చదివేవారు. ఏ శ్రోతా ఆ మాట నోటితో అనలేదు, అంటే అతిథిని తక్కువ చేసినట్టు అవుతుందని. పరిచయాన్ని రెండు వాక్యాలకు కుదించి, మిగతా వివరాలు వివరణలో రాసి, అతిథి చెప్పిన ఒక గట్టి మాటతో మొదలుపెట్టాక గీత నిలబడింది. కాబట్టి వారానికి ఒకసారి గ్రాఫ్ చూడండి. గీత పడిన చోట మీ ఎపిసోడ్ మీరే మళ్లీ వినండి.

ఫారం ఎప్పుడు?

ఏడాదికి ఒకసారి, ఐదు ప్రశ్నలు మించకుండా, తెలుగులో. గూగుల్ ఫారం చాలు. ఎప్పుడు వింటారు, ఏ యాప్‌లో వింటారు, ఏ ఎపిసోడ్‌ను ఇంకొకరికి పంపారు, ఏది సగంలో ఆపేశారు, ఏ ఊరు. "ఇంకొకరికి పంపారా" అన్న ప్రశ్న నాకు చాలా ఇష్టం. నచ్చిందని చెప్పడం వేరు, తన వాళ్లకు పంపడం వేరు. ఫైల్ అప్‌లోడ్ చేసే ప్రశ్న పెట్టకండి, పెడితే గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలని అడుగుతుంది, సగం మంది అక్కడే ఆగిపోతారు. ఫోన్ నంబరు తప్పనిసరి చేయకండి. అవసరం లేని వివరాలు అడగకపోవడమే మేలు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికి తీసుకుంటున్నారో చెప్పి, ఒప్పుకున్నాకే తీసుకోమంటుంది. ఆ చట్టం లెక్కలో 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. కాబట్టి పిల్లల గొంతు వచ్చినప్పుడు అమ్మానాన్నలతో మాట్లాడాకే వాడండి.

మరి సమూహం ఎప్పుడు?

గుర్తు తేలిగ్గా తెలుస్తుంది. "పోయిన ఎపిసోడ్‌లో మాట్లాడినాయన నంబరు ఇస్తారా, మాది ఆ పక్క ఊరే" అని ఒకరు అడుగుతారు. తర్వాత ఇంకొకరు అడుగుతారు. అలా అడిగేవాళ్లు తరచుగా తగులుతుంటే, వాళ్లనే పదిహేను ఇరవై మందిని పిలిచి చిన్న గ్రూప్ పెట్టండి. అందరికీ లింకు వేయకండి. వాళ్లలో ఒకరిని, మీరు కాకుండా, అడ్మిన్‌గా ఒప్పించండి. అలా ఎవరూ దొరకకపోతే గ్రూప్‌కి ఇంకా వేళ కాలేదన్నమాట. నియమాలు మూడు చాలు: ఫార్వర్డ్‌లు వద్దు, రాజకీయం వద్దు, గ్రూప్‌లో ఉన్నవాళ్లకు అడగకుండా విడిగా మెసేజ్ చేయవద్దు. మూడోది తప్పినవాళ్లను మారుమాట లేకుండా తీసేయండి.

అంతకంటే ముందు ఒకసారి నేరుగా కలవడం మంచిదని నా అభిప్రాయం. వుడా పార్క్‌లో, అదే ఇప్పటి వీఎంఆర్‌డీఏ పార్క్‌లో, ఆదివారం పొద్దున్న ఎండ ముదరకముందు ఒక గంట. ఎనిమిది మంది వచ్చినా చాలు. ఒకసారి ముఖాముఖి మాట్లాడుకున్నవాళ్లు గ్రూప్‌లో ఒకరినొకరు తిట్టుకోరు. రికార్డర్ తీసుకెళ్లండి, కానీ మొదటి అరగంట ఆన్ చేయకండి.

డబ్బు కట్టే సభ్యత్వాలు, పాట్రియాన్ లాంటివి ఇప్పుడు ఆలోచించకండి. మాట్లాడే శ్రోతలు వచ్చాక ఆ దారి ఎలాగూ తెరిచే ఉంటుంది.

ఏటికొప్పాక ఎపిసోడ్‌కు

ఈ వారంలోనే సిమ్ తీసుకోండి. నంబరు లింకును కొత్త ఎపిసోడ్‌తో పాటు పాత ఎపిసోడ్‌ల వివరణల్లో కూడా చేర్చండి. పాడ్‌కాస్ట్‌లో పాత ఎపిసోడ్‌లు కొత్తవాళ్లు వింటూనే ఉంటారు, వాళ్లకూ దారి కావాలి. ఎపిసోడ్ చివర ఈ ప్రశ్న అడిగి చూడండి: "మీ ఇంట్లో లక్క బొమ్మ ఉందా? ఎవరు కొన్నారు, ఇప్పుడు ఎక్కడ పెట్టారు?" అంకుడు కర్ర పిడతలతో, బొంగరాలతో ఆడుకున్నవాళ్లు మన జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారు, ఈ ప్రశ్నకు మాట్లాడకుండా ఉండలేరు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా, దాని వల్ల ధర మారిందా అన్నది కొనేవాళ్లను కాకుండా చేసేవాళ్లను అడగండి.

మీరు మాట్లాడిన ఆ కళాకారులకు ఎపిసోడ్ లింకు ఒక్కటే పంపి ఊరుకోకండి. ఆడియో ఫైలునే వాట్సాప్‌లో పంపండి. లింకు నొక్కితే యాప్ దించుకోమనో, లాగిన్ అవమనో అడుగుతుంది, అక్కడితో వదిలేస్తారు. ఫైలు అయితే వీధిలో నలుగురూ కలిసి వింటారు. రెండు రోజులాగి "మేం ఏదైనా తప్పు చెప్పామా?" అని అడగండి. అక్కడి నుంచి వచ్చే వాయిస్ మెసేజ్‌తో మీ నంబరు బోణీ అయితే బాగుంటుంది. మొదటి రెండు మూడు ఎపిసోడ్‌లకు ఏమీ రాకపోతే, మీరు చివర ప్రశ్న ఎలా అడిగారో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, కలిసి సరిచేద్దాం.